గోడ మీద పెన్సిల్ గీత

ఇక్కడి తమిళ లెక్కన ఐప్పసి నెల, మంగళవారం, పొద్దున తొమ్మిది గంటలు, ముసురు. ఇంట్లో ఉన్నవారు: తొంభై ఒకటో ఏడు నడుస్తున్న నాయన, మంచం దిగితే గోడ పట్టుకోవలసిన అమ్మ, నా భార్య, నేను.

అంతకు ముందు నెల నాయన స్నానాలగదిలో ఒకసారి జారాడు. దెబ్బ తగల్లేదు గానీ నేను ఊరుకోలేదు. మిల్లులో మెయింటెనెన్సు చూసినవాణ్ణి, కొలత లేకుండా మేకు కొట్టను. నాయనను గోడకు ఆనించి నిలబెట్టి, భుజం దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, అక్కడ బెల్లు పెట్టించాను. నడుము ఎత్తున స్టీలు కడ్డీలు, నేల మీద రబ్బరు పట్ట. కొలతలన్నీ డైరీలో ఉన్నాయి. మిగిలింది ఒక్కటే, తలుపు లోపలి గడియ తీసేయడం.

"గడియ లేకుండా నీళ్ళు పోసుకొనేదానికి నేనేమన్నా ఎద్దునా? బావికాడ నిలబెట్టి తోముతావా?" అన్నాడు నాయన.

బెల్లు ఉంది కదా అని నేనూ సర్దుకున్నాను.

ఆ మంగళవారం వసారాలో కూర్చుని డైరీ రాస్తుంటే నా భార్య వంటింట్లోంచి వచ్చింది.

"లోపల ఏమో పడిన సద్దు అయింది."

"చెంబు జారి ఉంటాది. ఆయన పడితే బెల్లు కొడతాడు గదా," అన్నాను. మొదలుపెట్టిన వాక్యం పూర్తి కూడా చేశాను.

ఆమె కదల్లేదు. "కొళాయి నీళ్ళు ఒకే తీరుగా పడతా ఉండాయి. చెంబు ముంచే సద్దే లేదు."

అప్పుడు లేచాను. తలుపు బాదాను. "నాయనా! నాయనా!" జవాబు లేదు. నీళ్ళు మాత్రం పడుతూనే ఉన్నాయి.

మా ఇళ్ళలో కోడలు మామతో ముఖాముఖి మాట్లాడదు. నలభై రెండేళ్ళుగా నా భార్య కాఫీ లోటా స్టూలు మీద పెట్టి టక్కున చప్పుడు చేస్తే, ఆయన వచ్చి తీసుకుంటాడు. చెప్పవలసిందేదైనా అమ్మ ద్వారానే. ఆ రోజు నా భార్య నన్ను పక్కకు తోసి, తలుపుకు నోరు ఆనించి అరిచింది.

"మామా! ఏమయింది మామా? నేను లోపలికి వస్తా ఉండాను!"

లోపలి నుంచి కంగారుగా గొంతు. "అమ్మా, నువ్వు రావద్దు! వాణ్ణి రమ్మను."

గడ్డపారతో గడియ ఊడపెరికి తలుపు తోశాను. మోకాలు మడతపడి నాయన నేల మీద కూర్చుని ఉన్నాడు. తడి తువ్వాలు ఒళ్ళో. బెల్లు ఆయన తలకు మూరకు పైగా ఎత్తులో ఉంది. నా భార్య ముఖం తిప్పుకొని, చెయ్యి వెనక్కి చాచి పంచె అందించింది.

"పిలిస్తే పలకవేమి నాయనా?"

"పలికితే గడియ తీసేస్తావు గదా. నేనే లేద్దామని చూస్తిని."

అమ్మ గోడ పట్టుకొని వచ్చి చూసింది. బెల్లు వైపు, నా వైపు. "ఏండా, మీ నాయన నిలబడుకొనే పడతాడని నీ డైరీలో రాసి పెట్టినావా?"

పీలమేడు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించాం. ఎముక విరగలేదు, వాపే.

మర్నాడు పొద్దున వేన్నీళ్ళలో చన్నీళ్ళు తొరిపి, నాయనను స్నానాలగదిలో కుర్చీ మీద కూర్చోబెట్టి బయటికి వచ్చాను. గడియ ఊడిపోయిన తలుపు దగ్గరికి వేసి ఉంది. నా భార్య వంటింట్లో, పొయ్యి వైపు తిరిగి, గొంతు పెంచింది.

"మామా, వేడి సాలా?"

"సాలమ్మా."

రెండు చెంబుల తరువాత మళ్ళీ. "మామా, వీపు రుద్దేదానికి ఆయన్ను పంపాల్నా?"

"వద్దమ్మా. వాడు కొలత తీస్తాడు."

అమ్మ మంచం మీదే నవ్వింది. నేను తలుపు దగ్గర నిలబడి అడిగాను. "కొత్త గడియ పెట్టించాల్నా నాయనా?"

"ముందు ఆ బెల్లు దించు," అన్నాడు.

ఆయన బయటికి వచ్చాక నేను లోపలికి పోయి తడి నేల మీద కాళ్ళు చాచి కూర్చున్నాను. చెయ్యి అందినంత ఎత్తున గోడ మీద గీత గీశాను.