పొట్ట మీద పొలం

మా అత్త రామాయమ్మ నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. ఈ రెండో సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మొదటిది రోజూ నా మీదే పడేది మరి.

దుర్గి నుంచి గురజాల దాకా ఆడవాళ్ళ చేతుల మీద కనబడే పచ్చబొట్లలో సగం ఆమె పొడిచినవే. ఆముదం దీపం మసి, గుంటగలగరాకు రసం, దారంతో బిగించి కట్టిన సూదులు, అంతే ఆమె సరంజామా. అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మహిమంతా మసిలో ఉందని ఎవరైనా అంటే విసుక్కునేది, పనంతా లోతులో ఉందనేది. పాల మీద మీగడను పొడవాలి గాని పాలను తాకకూడదట. పైపైన పొడిస్తే పక్కు రాలేటప్పుడు రంగు కూడా దాంతో పాటే రాలిపోతుంది. లోతుకు దిగితే నెత్తురు రంగును బయటికి తోసేస్తుంది, చీము పడుతుంది, గీత అలుక్కుపోతుంది. నాకు నేర్పుతానని నా పిక్క మీద నా చేతనే పొడిపించింది. నేను తేలు వేయబోయాను. ఇప్పటికీ అది తొక్కిన వంకాయలాగా ఉంది.

పొడిపించుకునేవాళ్ళు నొప్పి మరిచిపోవాలని ఆమె కబుర్లు చెప్పేది. పైకి పోయేటప్పుడు పొలాలు రావు, నగలు రావు, వెంట వచ్చేది పచ్చబొట్టు ఒక్కటేనని మా ఎరుకల వాళ్ళందరూ చెప్పేదే చెప్పేది. అది విని ఆడవాళ్ళు ఇంకో నాలుగు చుక్కలు ఎక్కువ పెట్టించుకునేవారు. ఒక మగవాడు ఆ మాటను ఉన్నదున్నట్టు నమ్ముతాడని ఎవరనుకున్నారు?

నమ్మినవాడు మా ఊరి పెద్ద ఆసామి చెన్నకేశవులు. ఆ ఏడు ఆయనకు గుండెల్లో నొప్పి వచ్చి తగ్గింది. తగ్గాక చావు గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు. ఒకరోజు మాకు కబురంపాడు. వెళ్ళి చూస్తే వసారాలో చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పొట్ట నిండా బొగ్గు గీతలు. ఆయన పొలమంతా అక్కడే ఉంది, వాగు, డొంక, గట్లు, గట్టు మీది చింతచెట్టుతో సహా. బావి ఉండాల్సిన చోట బొడ్డు ఉంది కాబట్టి దాన్ని పొడవక్కర్లేదన్నాడు.

“ఇదంతా పొడువు రామాయీ. నాతో తీసకపోతా,” అన్నాడు.

ఆయన భార్య మహాలక్ష్మమ్మ గడపలో కూర్చుని ఉంది. మొగుడి ఒంటి మీద పరాయి ఆడవాళ్ళు చెయ్యి వేస్తారు కదా, అందుకని కాపలా. పొలం తలకిందులుగా ఉందని ఆమె ఒక మాట అంది. పైన అడిగేవాళ్ళకు చూపించాల్సింది తనేనని, తనకు తిన్నగా కనబడితే చాలని ఆసామి కసిరాడు.

మా అత్త ఆ గీతలు చూస్తూ చూస్తూ ఎడమ డొక్క దగ్గర ఆగిపోయింది. అక్కడ డొంక పక్కన చిన్న నేల చెక్క ఒకటి గీసి ఉంది. అది మా గుడిసెలున్న చెక్క. మా మామ వాళ్ళ తాత నాటి నుంచి మేం అక్కడే ఉంటున్నాం. ఆసామి దాన్ని తనది చేసుకుని, జొన్నకోతలు కాగానే ఖాళీ చెయ్యమని అప్పటికే చెప్పి ఉన్నాడు, కళ్ళం వేసుకుంటాడట. ఇప్పుడు దాన్ని మా చేతనే తన పొట్ట మీద పొడిపించుకుంటాడు. నాకు ఒళ్ళు మండింది. అత్త మాత్రం సూదులు తీసి దారం బిగించుకుంది.

పని మొదలైంది. తోలు బిగబట్టడం నా వంతు. రెండు చేతులా ఆ పొట్ట పట్టి లాగేసరికి ఆసామి కిసుక్కున నవ్వాడు. పెద్ద ఆసామికి చక్కిలిగింతలు! సూది ఆనితే చాలు, వాగు దగ్గర నుంచి చింతచెట్టు దాకా పొలమంతా అదిరిపోయేది. నవ్వే పొట్టలో లోతు ఎట్లా అందుతుంది? అత్త సూది తీసేసి తల పట్టుకుంది. ఇంతలో జీతగాడు వచ్చి ఎద్దు తాడు తెంచుకుపోయిందన్నాడు. ఆసామి వాణ్ణి తిట్టడం లంకించుకున్నాడు. ఆ కోపానికి పొట్ట డప్పులాగా బిగిసింది. దొరికిందే సందని అత్త చకచకా ఒక గట్టు పొడిచేసింది.

అంతే, కిటుకు తెలిసిపోయింది. ఆయనకు కోపం తెప్పించాలి. తిట్టమని ఆసామే అనుమతి ఇచ్చాడు. ఒక ఎరుకలామె పెద్ద ఆసామిని ఆయన వసారాలోనే, ఆయన కోరిక మీదే తిడుతోందంటే ఊరు ఊరుకుంటుందా? ప్రహరీ చుట్టూ జనం మూగారు. అత్త పిసినారి అంది, జిడ్డుమొహం అంది, పెళ్ళికి అరువు తలపాగా చుట్టుకున్నాడంది. తిట్టు తిట్టుకూ ఒక గట్టు పూర్తయింది. కాని తిట్లు పాతబడితే ఆసామికి మళ్ళీ నవ్వొచ్చేది. అప్పుడు కూలీలు గోడ మీదుగా కొత్తవి అందించారు. వాళ్ళ దగ్గర చాలానే నిల్వ ఉన్నాయి పాపం. చివరికి మహాలక్ష్మమ్మ కూడా గడప దాటి వచ్చి అత్త చెవిలో ఏదో ఊదింది. అత్త అది పైకి అనగానే పొట్ట ఎంతలా బిగిసిందంటే, ఆ ఒక్క తిట్టుతో వాగు మొత్తం అయిపోయింది. అదేమిటో నేను చెప్పను, పెద్దింటావిడ పరువు.

ఆఖరికి మా చెక్క మిగిలింది. దానికి అత్త తిట్టలేదు. “అయ్యా, ఇది గూడా నీదేనా?” అని మెల్లగా అడిగింది.

“నాది గాక నీదా?” అన్నాడు ఆసామి. ఈసారి వచ్చింది అసలు కోపం.

ఆ బిగువులో ఆమె చెక్క నాలుగు వైపులా పొడిచింది. సూది పడే తీరు వేరుగా ఉందని, పక్కనే ఉన్నాను కాబట్టి, నాకు తెలిసింది. నెత్తురు సన్నగా పొడమింది. మసి రుద్దాక చూస్తే మిగతా గట్లకూ దీనికీ తేడా లేదు. నేను నోరు తెరవబోతే నా కాలు తొక్కింది.

కొన్నాళ్ళకు పక్కు రాలింది. వాగూ డొంకా చింతచెట్టూ పచ్చగా తేలాయి. మా చెక్క ఉన్న చోట మాత్రం తోలు ఒట్టిగా ఉంది. ఆసామి పిలిపించి మళ్ళీ పొడిపించుకున్నాడు. మళ్ళీ రాలిపోయింది.

“చుట్టూ చూసుకో అయ్యా, అన్నీ నిలిచినయ్యి,” అంది అత్త. “ఆ చెక్క నీ ఒంటికి అంటటంలా.”

ఆసామి మెడ వంచి చాలాసేపు పొట్ట చూసుకున్నాడు. తనది కానిదాన్ని తీసుకుని పైకి పోతే అక్కడ ఏం చేస్తారో అని ఆయన మొహంలో భయం కనబడింది. కళ్ళం ఇంకోచోట వేసుకుంటానన్నాడు. మమ్మల్ని ఉండమన్నాడు. మా వాళ్ళు సంబరం పట్టలేక కల్లు తెచ్చుకున్నారు.

అయితే ఆయన మాత్రం పెద్దమనిషి, పరువు ఉండాలి కదా. ఊళ్ళో ఇంకో రకంగా చెప్పుకున్నాడు. జాలిపడి తనే వదిలేశాడట. రామాయమ్మ చెయ్యి పట్టు తప్పిందట, రెండుసార్లు పొడిచినా నిలవలేదట. ఆ మాట దుర్గి దాటింది, గురజాల దాటింది. పెళ్ళికూతుళ్ళు మాచర్ల వైపు ఇంకొకామె దగ్గరికి పోవడం మొదలుపెట్టారు. అది అబద్ధమని అత్త అనలేదు. అంటే ఆసామి పరువు పోతుంది, ఆ కోపంలో మా గుడిసెలు పోతాయి.

నాతో ఒక్కసారే అంది. “నెత్తురు కనపడాల, పక్కు కట్టాల, రంగు మటుకు నిలవగూడదు. ఎంటికవాసి పనే అది. పుట్టి బుద్దెరిగినాక అంత మంచి పని నేను చెయ్యలా. ఎవురికి చెప్పుకునేది?” కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.

తర్వాత ఒకరోజు రెంటచింతల నుంచి మేరీ అనే పిల్ల ముంజేతి మీద సిలువ పొడిపించుకోవడానికి వచ్చింది. గుడిసెలో అత్త ముందు కూర్చుని చెయ్యి చాపినట్టే చాపి, వెనక్కి తీసుకుంది.

“నీ సూది నిలవటంలేదంటగా అత్తా. ఇది గూడా రాలిపోద్దా?” అని అడిగింది.

పూర్వమైతే ఆ మాటన్న మనిషి చెంప పగిలేది. నేను అడ్డుపడదామని లేచాను. అత్త ఆ పిల్ల చేతిని ఒళ్ళోకి తీసుకుని, సూది మసిలో ముంచింది.

“ఏమోనమ్మా,” అంది. “పెద్దదాన్నయిపోయా. చెయ్యి పోయింది.”