ఎర్ర గీత మీద ముల్లు

రేవులో ఆమెను అందరూ ఇంజనక్క అనేవారు. జనాన్ని సముద్రపు పాయ దాటించే లాంచీ ఇంజను ఒకప్పుడు ఆమె భర్త చేతిలో ఉండేది. ఓ రోజు తొందరలో, కాగుతున్న ఇంజను మూత తీశాడు. ఎగజిమ్మిన ఆవిరికి మెడ, ఎడమ చెంప బొబ్బలెక్కి ఉడికిపోయాయి. ప్రాణం దక్కింది గానీ ఆ తరవాత అతను రేవు ముఖం చూడలేదు. ఇంట్లో కూర్చునే, పాత ఇంజను సామాను ముందేసుకుని, భార్యకు పని నేర్పాడు. ఆమె పనితోపాటు భయాన్నీ నేర్చుకుంది. ఇంజను గదిలోకి దిగిన ప్రతిసారీ భర్త చెంపే కళ్లముందు కదిలేది. పైకి మాత్రం, “ఇంజనుకు నేనంటే హడల్” అని నలుగురినీ నవ్వించేది.

ఆ ఏడు వానలు తగ్గాక ఇంజను వేడెక్కడం మొదలుపెట్టింది. రేవులో కట్టేసి ఉన్నంతసేపూ కిక్కురుమనకుండా నడిచేది. జనం ఎక్కి, లాంచీ పాయ మధ్యకు చేరి, చుక్కాని పట్టిన మరిది వేగం పెంచగానే వేడి చూపే మీటరులో ముల్లు ఎర్ర గీత వైపు పాకేది. ఆమె ఉప్పునీటిని వడగట్టే జాలీ కడిగింది. పంపులోని రబ్బరు చక్రం మార్చింది. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ కొత్తది వేసింది. ఇంజనును చల్లబరిచే గొట్టాల్లో గట్టిపడిన ఉప్పంతా గీకింది. ప్రతిసారీ పీడ విరగడైందనుకునేది. పాయ మధ్యకు వెళ్లేసరికి కథ మళ్లీ మొదటికొచ్చేది.

ఓ ఉదయం ముల్లు ఎర్ర గీత దాటేసింది. ఇంజను మీది రంగు కాలిన వాసన గుప్పుమంది.

“ఆపెయ్!” అని ఇంజనక్క కింది నుంచి కేక పెట్టింది.

ఇంజను ఆగింది. నీటి లాగుడు ఆగలేదు. లాంచీ పక్కకు తిరిగి రాళ్లకట్ట వైపు కొట్టుకుపోసాగింది. మరిది లంగరు వేశాడు. అది పట్టలేదు. బిడ్డను ఒళ్లో అదుముకున్న ఒకామె, “ఏమైందమ్మా?” అని అడిగింది.

“ఏం లేదమ్మా, కాస్త ఊపిరి తీసుకుంటోంది” అంది అప్పుడే పైకొచ్చిన ఇంజనక్క. రాళ్లకు అంటుకున్న ఆలిచిప్పలు కనబడేంత దగ్గరయ్యాక లంగరు దేన్నో పట్టుకుంది. లాంచీ ఒక్క కుదుపుతో నిలిచింది. ఇంజను చల్లారాక, నత్తనడకన రేవు చేరారు.

ఆమె తిన్నగా ఇంటికెళ్లి గుమ్మంలోనే కూలబడింది.

“నావల్ల కాదండీ. రేపో మాపో అంతమందినీ ఆ రాళ్ల పాలు చేస్తాను.”

“స్పీడు పెంచినప్పుడు, ఇంజనును చల్లబరిచిన నీళ్లు లాంచీ వెనక పొగగొట్టంలోంచి ఎలా పడుతున్నాయి?” అని అడిగాడు భర్త.

“నేను కింద ఉంటాను, మీ తమ్ముడు చుక్కాని వదలడు. ఇంకెవరు చూస్తారు?”

అతను లేచి చెప్పులు వేసుకున్నాడు.

“ఎక్కడికండీ?”

“చూసే మనిషి కావాలిగా. పద, ఇప్పుడే పోదాం. కూర్చుంటే నా కాళ్లు మళ్లీ లేవవు.”

అన్నను చూసి మరిది, “టికెట్టు తీసుకున్నావా అన్నయ్యా?” అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు. జనం లేకుండా లాంచీ బయల్దేరింది. భర్త వెనక కమ్మీని రెండు చేతులా పట్టుకుని, ముఖంలో నెత్తురు చుక్క లేకుండా నిలబడ్డాడు. ఇంజనక్క కిందికి దిగింది.

పాయ మధ్యలో వేగం పెరిగింది. ముల్లు కదిలింది.

“నీళ్లు తగ్గుతున్నాయే!” పైనుంచి భర్త గొంతు. “సన్నబడింది... దాదాపు ఆగిపోయింది!”

అయితే సముద్రపు నీరే లోపలికి రావడం లేదు. జాలీ శుభ్రంగా ఉంది, పంపు కొత్తగా ఉంది. ఆ రెంటికీ మధ్యనున్న రబ్బరు గొట్టాన్ని మాత్రం, చూడ్డానికి నిగనిగలాడుతోందని ఆమె ఎన్నడూ ముట్టుకోలేదు.

“ఆపనా వదినా?” మరిది అరిచాడు.

“వద్దు! ఇంకొక్క క్షణం!”

ఆవిరి ఇప్పుడే చీల్చుకొచ్చి ముఖాన కొడుతుందనిపించింది. తల పక్కకు తిప్పుకుని, కాగుతున్న ఇంజను పక్కనుంచి చెయ్యి జొనిపి గొట్టాన్ని పట్టుకుంది. అది చల్లగా ఉంది. వేళ్ల కింద లోపలికి పీక్కుపోతూ, అదిరిపోతోంది.

“తగ్గించు! తగ్గించరా!”

వేగం తగ్గగానే గొట్టం ఆమె గుప్పిట్లో మెల్లగా ఉబ్బింది. అదే క్షణాన పైన భర్త, “వస్తున్నాయి! నీళ్లొస్తున్నాయి!” అని గొంతు చించుకున్నాడు.

రేవు చేరి, ఇంజను చల్లారాక గొట్టం ఊడదీసి నిలువునా కోసింది. లోపలి రబ్బరు పొర ఊడి నాలుకలా వేలాడుతోంది. పంపు గట్టిగా లాగినప్పుడల్లా అదే దారికి అడ్డం పడుతోంది. భర్త దాన్ని వేలితో కదిపి చూసి, “దొంగముండ” అన్నాడు. ఆ మాటకు ఆమెకు నవ్వొచ్చింది. నవ్వబోయి వెక్కివెక్కి ఏడ్చింది. అతను గబగబా గట్టు మీదికెళ్లి వాంతి చేసుకున్నాడు.

కొత్త గొట్టం పడ్డాక ముల్లు మళ్లీ పైకి పాకలేదు. భర్త మళ్లీ లాంచీ ఎక్కలేదు. ఎక్కమని ఎవరూ అడగలేదు. ఇంజనక్క చాలా ఏళ్లు ఆ పని చేసింది. రోజూ ఇంజను వేశాక వెనక్కెళ్లి, కమ్మీ మీంచి వంగి, నీళ్లు పడుతున్నాయో లేదో చూసేది. “అవతల జనం తిట్టుకుంటున్నారు వదినా!” అని మరిది గొణిగేవాడు. “తిట్టుకోనీ” అనేది, తల తిప్పకుండా.