నేను విన్న రాయి

మా బావకు చెవులు సరిగా వినబడవన్న సంగతి నాకు నంద్యాలలో తెలిసింది. అప్పటికి పదేళ్లుగా ఆయన ఇంటి వెనక వీధిలోనే ఉంటున్నవాణ్ణి, వారానికి నాలుగు పూటలు ఆయన పక్కన కంచం పెట్టుకుని తిన్నవాణ్ణి. పైగా బడిపంతుల్ని. వెనక బెంచీలో ఎవడు వింటున్నాడో, ఎవడు వింటున్నట్టు నటిస్తున్నాడో మొహం చూసి చెప్పేస్తానని నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వం ఎందుకూ పనికిరాదని తర్వాత తేలింది.

బావ, అంటే మా అక్క మొగుడు, ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. ఆ పనిలో ఉలి పట్టడం కన్నా ముందు నేర్చుకోవలసింది రాయిని వినడం. బండ తెచ్చుకునే ముందు దాన్ని సుత్తితో మూడు చోట్ల కొడతారు. కింద, నడుమ, పైన. లోపల పగులు లేని రాయి గంట మాదిరి ఖంగుమని చాలాసేపు మోగుతుంది. పగులున్న రాయి బొత్తుమని అక్కడికక్కడే ఆగిపోతుంది. పైకి చూస్తే రెండూ ఒకటే నలుపు. తెలియక పగులు రాయిని ఇంటికి తెచ్చుకుంటే నెలల తరబడి చేసిన పని ఒక్క దెబ్బకు పోతుంది. బావ ఎంచిన రాయికి తిరుగులేదని తోటి శిల్పులే అనేవాళ్లు. తమ బండలు వినిపెట్టమని కబురు పంపేవాళ్లు. రెండేళ్లుగా ఆయన ఎవరి బండ దగ్గరికీ పోవడం మానేశాడు. మోకాళ్ల నొప్పులన్నాడు. అందరం నమ్మాం.

ఇది ఎనభైల మొదట్లో మాట. రుద్రవరం దగ్గర ఒక పల్లెవాళ్లకు ఆయన అమ్మవారి విగ్రహం ఒప్పుకున్నాడు. నాలుగు నెలలు కష్టపడి పాదాలు, చీర కుచ్చిళ్లు, నడుము, చేతులు ముగించాడు. ముఖం మిగిలింది. అక్కడికొచ్చి వారం రోజులుగా ఆగిపోయాడు. ఉలి అందుకుంటాడు, విగ్రహం మెడ మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటాడు, మళ్లీ ఉలి కింద పెట్టేస్తాడు. అమ్మవారి ముఖం కదా, భక్తితో జంకుతున్నాడని అక్కా నేనూ అనుకున్నాం.

ఒక శనివారం ఒంటిపూట బడి వదిలి వస్తుంటే, మైకు కట్టిన జీపొకటి మా వీధిలో కాగితాలు పంచుతూ పోయింది. నంద్యాలలో ఒక కాలేజీలో రెండు రోజుల వైజ్ఞానిక ప్రదర్శన. నేనా కాగితం పట్టుకుని బావ పనిచేసే పాకలోకి పోయాను.

"బావా, నంద్యాలలో యంత్రాల తిరణాల పెట్టినారంట. వస్తావా?" అన్నాను. ఊరికే అన్నాను. తిరణాళ్లకూ సినిమాలకూ కదిలే మనిషి కాదాయన.

ఆయన కాగితం తీసుకుని చదివాడు. ఇంకోసారి చదివాడు. ఒంటి మీది రాతిపొడి దులుపుకుని లేచి, "పద" అన్నాడు.

మా అక్క గొంతు మామూలుగానే బస్టాండు దాకా వినిపిస్తుంది. ఆ పూట ఇంకాస్త లేచింది. "ఏమయ్యా, అమ్మోరి మొగం మొండిగా పెట్టి యాడికి పోతాండావ్?"

"రేపు మాపటికి వస్తాంలేమ్మే" అని ఆయన గుడ్డసంచి భుజాన వేసుకున్నాడు. సంచి బరువుగా వేలాడుతోంది. ఏముందని అడిగితే సద్ది అన్నాడు. అక్క వంటింట్లోకి అడుగే పెట్టలేదన్న సంగతి ఆ తొందరలో నాకు తట్టలేదు.

కాలేజీ గదుల నిండా జనం. ఒకచోట ఎండతో అన్నం వండుతున్నారు. ఇంకోచోట అద్దపు గొట్టాల్లో రంగునీళ్లు పైకి పాకుతున్నాయి. నాకు భలే సంబరంగా ఉంది. బావ దేని ముందూ నిలవకుండా బోర్డులు చదువుకుంటూ గది తర్వాత గది దాటుతున్నాడు. చివరికి ఒక మూల బల్ల దగ్గర ఆగాడు. అక్కడ రైల్వేలో తంతి పని చేసి దిగిపోయిన ముసలాయన ఒకడు కూర్చున్నాడు. మన ఊరిపేరు చెబితే మీట మీద టకటకమని కొడతాడు. బల్ల అవతలి కొసన ఇత్తడి పరికరం అదే టకటకను తిరిగి పలుకుతుంది. నోటి నిండా వక్కాకు, ఆగని మాటలు. నిద్రలో పెళ్లాం గాజుల చప్పుడు కూడా తనకు తంతిలాగే వినబడేదని చెప్పి అందర్నీ నవ్విస్తున్నాడు.

బావ బల్ల మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. మీట పలికినప్పుడల్లా ఆయన కళ్లు సన్నగా మూసుకుంటున్నాయి. ముసలాయన నవ్వు ఆపి కాసేపు ఆ చేతినే చూశాడు. తర్వాత పలకరింపుగా ఏదో అడిగాడు. బావ తల ఊపి నవ్వాడు.

ముసలాయన నావైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఏమప్పా, ఈయన నీకేమైతాడు?"

"మా బావ."

"నీకు పిల్లలెంతమంది అని అడిగినా. నవ్వి తలకాయ ఊపినాడు. మీ బావ చెవితో ఇంటాలేడు, చేత్తో ఇంటాండాడు. మా రైల్వేవాళ్లల్లో చానామందికి చెవులు ఇట్లనే పోయింటాయిలే. ముందు సన్న మోతలు పోతాయి. మాటలేమో మొగం జూసి నెట్టుకొస్తారు."

ఆ మధ్యాహ్నం బస్సులో నేనొక జోకు చెబితే, నేను నవ్విన చోటే ఆయనా నవ్విన సంగతి గుర్తొచ్చింది. ముప్పై ఏళ్లు చెవి పక్కనే సుత్తిదెబ్బలు. మాకెవరికీ ఆ ఊహే రాలేదు. ఇంట్లో అక్క గొంతు ఉండనే ఉంది కాబట్టి ఆయనకు ఇబ్బందే రాలేదు. నామీద నాకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం నేనేమీ అడగలేదు. తెలిసినవాళ్ల ఇంట్లో తిని పడుకున్నాం. పొద్దున్నే కాలేజీ గేటు తియ్యకముందే ఆయన అక్కడ నిలబడ్డాడు. అప్పుడు జేబులోంచి ఆ కాగితం తీసి ఒక వరుస మీద వేలు పెట్టి నాకు చూపించాడు. "శబ్దాన్ని కళ్లారా చూడండి" అని ఉంది. నిన్న జనంలో ఆ గది మాకు దొరకలేదు.

ఆ గదిలో చదువుకునే పిల్ల ఒకతె, జడ ముందుకు వేసుకుని, చిన్న టీవీ మాదిరి పెట్టె పక్కన నిలబడింది. పెట్టెలో ఒక పచ్చటి గీత. దానికొక మైకు. పిల్లలు మైకులో కేకలు వేస్తుంటే గీత అలలు అలలుగా లేస్తోంది. బావ జనాన్ని తోసుకుని ముందుకు పోయి సంచి విప్పాడు. అందులో సుత్తి, నల్లరాతి పలకలు రెండు. ఇదా సద్ది అనుకున్నాను.

ఒక పలకను దారంతో వేలాడదీసి కొట్టాడు. గీత గజగజ వణికి, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా సద్దుమణిగింది. రెండోదాన్ని కొట్టాడు. గీత ఒక్కసారి ఎగిరి చచ్చిపోయింది.

బావ మొహం విప్పారింది. అంత సంతోషం ఆయనలో నేను రెండేళ్లుగా చూడలేదు. "చూస్తివా? చూస్తివా? ఇది మంచిది, ఇది పగులుది. కండ్లకే తెలుస్తాంది!" అని గదంతా దద్దరిల్లేలా అరిచాడు. పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. "ఎంత బాగా చూపించారు పెద్దాయనా, మాకు ఈ ఆలోచనే రాలేదు" అంది. ఆయనకు వినబడిందో లేదో తెలియదు.

"ఈ పెట్టె ఒక్క పూట ఆళ్లగడ్డకు తెస్తారామ్మా? ఆడ నా రాయి ఉండాది. కదిలేది కాదు. ఒక్కసారి చూపిచ్చుకుంటే సాలు" అని అడిగాడు. ఆ అమ్మాయి పోయి వాళ్ల లెక్చరర్ను పిలుచుకొచ్చింది. ఆయన పెట్టె కాలేజీది, గది దాటకూడదన్నాడు. బావ చేతులు జోడించాడు. జీవితంలో ఎవరినీ ఏదీ అడగని మనిషి, ఆ పిల్లల ముందు చేతులు జోడించి నిలబడ్డాడు.

లెక్చరర్ మంచివాడే. భుజం తట్టి, "ఇంత చిన్నదానికి యంత్రమెందుకు పెద్దాయనా? కొట్టి చెవితో వింటే సరిపోతుంది కదా" అన్నాడు.

బావ ఆయన పెదవులనే చూస్తున్నాడు. ఆ మాట మాత్రం ఆయనకు పూర్తిగా అందింది. పలకలు సంచిలో వేసుకుని బయటికి నడిచాడు.

తిరుగు బస్సులో శిరివెళ్ల దాటాక నోరు విప్పాడు. విగ్రహానికి రాయి తెచ్చుకున్న రోజున కొట్టి చూస్తే ఏమీ వినబడలేదట. తోటివాళ్లను వినమంటే మర్నాటికి ఊరంతా పాకుతుంది. పాత అలవాటు మీద రంగు చూసి, తడిపి చూసి తెచ్చేశాడు. "నాలుగు నెలలాయ. ఉలి మెడకాడికొచ్చేసరికి చెయ్యి పోతాలేదురా. లోపల ఏముండాదో తెలియదు." సంచి ఒళ్లోకి లాక్కున్నాడు. "నీకెట్లాగూ తెలిసిపాయ, నిన్న నీ మొగంలోనే చూస్తి. నువ్వు ఇని చెప్పు. మీ అక్కకు మాత్రం చెప్పాకు."

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. పాకలో ఆయన నా చేతికి సుత్తి ఇచ్చాడు. ఎక్కడ కొట్టాలో వేలితో చూపించాడు. పాదాల దగ్గర కొట్టాను. ఖంగుమంది. నడుము దగ్గర కొట్టాను. ఖంగుమంది. మెడ కింద కొట్టాను.

బొత్తుమంది.

మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. మోగలేదు. తలెత్తి చూస్తే ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు, బస్సులో జోకు చెప్పినప్పుడు చూసినట్టే. నేనెక్కడ నవ్వితే అక్కడ నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. నాలుగు నెలల పని, ఆ జోడించిన చేతులు, అన్నీ గుర్తొచ్చాయి. నేను పంతుల్ని, నాకేం తెలుసు రాళ్ల సంగతి, పడుకోబెట్టిన విగ్రహం భుజాల కింద ఇసుకమూటలున్నాయి కాబట్టి అట్లా వినబడిందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. నవ్వాను.

"ఖంగుమంటాంది బావా" అన్నాను.

ఆయన నా భుజం పట్టుకుని ఊపేశాడు. మర్నాడు తెల్లారకుండానే ఉలి చప్పుడు మొదలైంది.

పది రోజులకు బడిలో ఉండగా కబురొచ్చింది. పోయి చూస్తే అమ్మవారి తల మెడ దగ్గర విడిపోయి ఇసుకమూటల మీద పడి ఉంది. కళ్లు, ముక్కు అయిపోయాయి. ముక్కుపుడక సగంలో ఉంది. అక్క గుమ్మంలో కూలబడి ఉంది, గొంతు లేదు. తోటి శిల్పులు నలుగురు చేరారు. ఒకాయన విరిగిన చోట వేలితో రాసి, "రాయిలోనే ఉండాది అన్నా. ఇది పాత పగులు" అని బావకు చూపించాడు.

బావ ఆ వేలిని పక్కకు తోసేశాడు. "రాయికేం తప్పులేదు. నాకు చెవులు పోయి రెండేండ్లాయ, అందుకని మావాడు ఇన్యాడు. మూడు తావుల కొట్టి ఇన్యాడు. చదువుకున్నోడు, అబద్ధం చెప్పడు. నా దెబ్బే తప్పింది."

రెండేళ్లు దాచుకున్న మాటను, నన్ను కాపాడటానికి, అందరి ముందూ పెట్టేశాడు. నలుగురు శిల్పులూ నావైపు చూశారు. ఏం జరిగిందో వాళ్లకు తెలిసిపోయింది. ఒక్కొక్కరే పాక బయటికి నడిచారు. నేను వంగి ఇసుకమూటలు సర్దసాగాను.

నేను నిజం చెప్పి ఉంటే ఆయనకు ఒక రాయి పోయేది. చెవులు పోయినా చెయ్యి మిగిలేది. నా మాట నమ్మి ఆయన తన చేతిని నమ్మడం మానేశాడు. ఆ రుద్రవరంవాళ్లకు వేరేవాళ్లు విగ్రహం చేసిచ్చారు. బావ మళ్లీ విగ్రహం ముట్టలేదు. రోళ్లకూ తిరగళ్లకూ గంట్లు కొట్టుకుంటూ ఇంకో ఆరేళ్లు బతికాడు.

ఒకసారి చెప్పాను. ఆయన రోటి ముందు కూర్చుని ఉంటే వెనక నిలబడి, "బావా, ఆ రాయి మోగలేదు" అన్నాను. ఆయన గంట్లు కొడుతూనే ఉన్నాడు. ముందుకు వెళ్లి మొహం చూపించి చెప్పడానికి నాలుగడుగులు వేస్తే చాలు. వెయ్యలేదు.