వారానికొక హంతకుడు

మా చిన్నాయన వెంకటేశప్పకు తాగుడు లేదు, పేకాట లేదు, కనీసం ముక్కుపొడి కూడా లేదు. ఒకే ఒక్క దురలవాటు ఉండేది. హంతకుణ్ణి మార్చేవాడు.

శనివారం పొద్దున హంతకుడు ఎవరో మా అందరికీ తెలుసు. రాసింది నేను, రిహార్సలు చేసింది మేం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన లేచి ఇంకెవరినో పట్టించేవాడు. ఎనిమిదేళ్ళలో నేను రాసిన హంతకుడు ఒక్కసారి కూడా దొరికిన పాపాన పోలేదు.

కె.ఆర్.పురం దాటి హొసకోట వైపు వెళితే ఒక రిసార్టు ఉంది. శని, ఆదివారాల్లో అక్కడ మా ‘బంగళాలో హత్య’ జరిగేది. సాఫ్ట్‌వేర్ కంపెనీల వాళ్ళో, పెద్ద కుటుంబాల వాళ్ళో బస్సు దిగి టిఫిను తింటూ ఉండగానే రాజావారు ఇడ్లీ పళ్ళెంలో తల వాల్చి చచ్చిపోయేవారు. ఆ క్షణం నుంచి అతిథులంతా డిటెక్టివులే. మంచాల కింద దూరి ఆధారాలు వెతికేవారు, పనివాళ్ళను నిలదీసేవారు. ఆదివారం తలా ఒక చీటీ మీద తమ పేరూ హంతకుడి పేరూ రాసి ఇత్తడి చెంబులో వేసేవారు. ఇన్‌స్పెక్టర్ వేషంలో ఉన్న చిన్నాయన ఆ చెంబు పట్టుకుని వంటింట్లోకి పోయి, తలుపేసుకుని చదువుకుని వచ్చి, హంతకుణ్ణి ప్రకటించేవాడు. సరిగ్గా చెప్పిన వాళ్ళకు శాలువా, తలకు మైసూరు పేటా, ఫోటో.

ఆ పేటాలు చుట్టేది మా చిన్నమ్మ. ప్రతి శుక్రవారం మోకాలికి ఒక పాత చెంబు ఆనించుకుని, దాని మీద జరీగుడ్డ చుట్టి కుట్టేది. మా ఇంటి రిహార్సళ్ళు తప్ప నాటకం మాత్రం ఏనాడూ చూడలేదు. ఆదివారం సాయంత్రం మేం ఇల్లు చేరగానే కాఫీ ఇస్తూ, “ఈసారి ఎవరు?” అని ఒక్క మాట అడిగేది.

రాజావారి వేషం ఎవరికీ ఇష్టం ఉండేది కాదు, టిఫిను దగ్గరే చావాలి గనుక. అందుకని అది రచయితకే దక్కింది. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే మనిషిని, ఒక్క అక్షరం జారినా నిద్రపట్టని మనిషిని, తెల్లదుప్పటి కింద పడుకుని నా కథను మా చిన్నాయన ఇష్టమొచ్చినట్టు తిప్పేస్తుంటే వింటూ ఉండాల్సి వచ్చేది. శవం అభ్యంతరం చెప్పకూడదు కదా.

నా కథ ప్రకారం హంతకుడు కారు డ్రైవరు. ఆ వేషం మస్తాన్‌ది. బయట మారతహళ్ళిలో ఆటో నడుపుతాడు. చివర్లో నేరం ఒప్పుకుంటూ చెప్పడానికి అతనికి రెండు పేజీల ప్రసంగం రాశాను, రాయి కూడా కరిగే ప్రసంగం. ఎనిమిదేళ్ళుగా అతను దాన్ని సిగ్నళ్ళ దగ్గర, పెట్రోలు బంకుల్లో వల్లె వేసుకుంటున్నాడు. చెప్పే అవకాశం మాత్రం రాలేదు.

“ఈ వారమన్నా నన్ను పట్టుకో వెంకటేశన్నా,” అనేవాడు మస్తాన్, బతిమాలుతూ.

“చూద్దాం ఉండప్పా. చంపినోడు యాడికి పోతాడు,” అనేవాడు చిన్నాయన.

మస్తాన్ బదులు తరచుగా ఇరుక్కునేది రాణీగారు. ఆ వేషం వేసే మునిలక్ష్మికి కె.ఆర్.పురంలో టైలరింగ్ అంగడి ఉంది. ఉన్నట్టుండి చిన్నాయన వేలు ఆమె వైపు తిరిగేది.

“నేనా? పోయిన వారమే కదా నేను చంపింది,” అని ఆమె గొణిగేది. తర్వాత మోకాళ్ళ మీద కూలబడి అప్పటికప్పుడు ఒక నేరాంగీకారం అల్లేసేది. చిన్నాయన వయసులో ఉన్నప్పుడు పౌరాణిక నాటకాల్లో కృష్ణుడు వేసినవాడు. ఆమె ఏడుపు బాగుంటే తనే “వన్స్ మోర్” అనేవాడు. ఆమె లేచి, చీర సర్దుకుని, మళ్ళీ మొదటినుంచి ఒప్పుకునేది.

ఒకసారి రాజావారిని రాజావారే చంపుకున్నారని తేల్చాడు. “లేవయ్యా, ఒప్పుకో,” అని నా దుప్పటి లాగాడు. చచ్చి ఒక రోజు దాటిన నేను లేచి కూర్చుని సిగ్గుపడుతూ ఒప్పుకున్నాను. ఆ వారం పేటా ఒక చెవిటి అవ్వకు దక్కింది. కొడుకూ కోడలూ ఆమెను బ్యాగుల పక్కన కుర్చీలో కూర్చోబెట్టి రెండు రోజులూ ఆధారాల కోసం పరిగెత్తారు. చీటీ కూడా ఆమె మనవరాలు అడిగి రాసింది. ఇంకోసారి రిసార్టు కొబ్బరిచెట్టే హంతకురాలైంది. దానికి బేడీలు పట్టక తాడు కట్టాం.

ఇదంతా రిసార్టు మేనేజరు పునీత్ కొన్నాళ్ళు ఓర్చుకున్నాడు. రెండేళ్ళ కిందట ఒక శనివారం పొద్దున మమ్మల్ని వరసగా నిలబెట్టాడు.

“అంకుల్, ఈరోజు ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ముప్పై మంది వస్తా ఉండారు. వాళ్ళకి నచ్చితే ఏడాది పొడుగునా బుకింగ్ మనదే. వాళ్ళ బాస్‌కి లాజిక్ ముఖ్యం. ఈసారి మర్డరర్ మారినాడంటే వచ్చే నెలనుంచి మీరొద్దు, డీజేని పెట్టుకుంటా.”

“సరేనప్పా,” అన్నాడు చిన్నాయన.

“దేవుడి మీద ఒట్టు పెట్టండి.”

“కొబ్బరిచెట్టు మీద పెడతా. అదైతే ఎదురుగా ఉండాది.”

మస్తాన్ ఆ పూటే తలకు నూనె రాసుకుని నున్నగా దువ్వుకున్నాడు.

ఆ బాస్ పేరు అభిజిత్. వచ్చీ రాగానే బోర్డు తెప్పించి, గీతలు గీసి, గంటలవారీగా ఎవరు ఎక్కడున్నారో పట్టిక వేశాడు. నేను ఆరు నెలలు కష్టపడి కథలో దాచిన ఏడు ఆధారాలనూ, అంటే నూనె మరకనూ, చిరిగిన టోపీనీ, ఆగిపోయిన గడియారాన్నీ అన్నిటినీ, లోకంలో మొదటిసారి ఒక పాఠకుడు పట్టుకున్నాడు. శవాన్ని కాకపోయి ఉంటే లేచి కౌగిలించుకునేవాణ్ణి.

“సింపుల్ గైస్. డ్రైవరే,” అన్నాడు అభిజిత్. ఇరవై తొమ్మిది తలలు ఊగాయి.

ముప్పయ్యో తల హరిణిది. చేరి మూడు వారాలైన అమ్మాయి. దుప్పటి కిందనుంచి నాకు ఆమె చెప్పులు కనిపించేవి, ఎప్పుడూ గుంపుకు రెండడుగుల దూరంలో.

“నాకేమో ఇన్‌స్పెక్టర్ మీద...” అందామె ఒకసారి.

“హరిణీ, ప్లీజ్, నా చార్జర్ తెస్తావా,” అన్నారెవరో.

మళ్ళీ కాసేపటికి, “అంటే, ఆ ఇన్‌స్పెక్టర్...”

“వచ్చేటప్పుడు ఇద్దరికి కాఫీ కూడా చెప్పు.”

ఆదివారం భోజనాలయ్యాయి. చిన్నాయన చెంబుతో వంటింట్లోకి పోయి వచ్చాడు. పునీత్ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చిన్నాయన మెల్లిగా నడిచి మస్తాన్ ముందు ఆగాడు. మస్తాన్ గొంతు సవరించుకున్నాడు, కళ్ళలో అప్పుడే నీళ్ళు తిరిగాయి.

చిన్నాయన అతన్ని దాటిపోయాడు.

“హంతకుడు ఈ గదిలోనే ఉండాడు,” అన్నాడు కృష్ణుడిలా చెయ్యెత్తి. “ఖాకీ బట్టల్లో ఉండాడు. బట్టతల. మోకాళ్ళ నొప్పి.” ఒక్కసారి తన ఒంటి వైపు తనే చూసుకున్నాడు. “అయ్యో, నేనే.”

తన చేతులకు తనే బేడీలు వేసుకున్నాడు.

“ఒక్కరే కనిపెట్టినారు. హరిణమ్మా, ఎట్ల కనిపెట్టినావో చెప్పు తల్లీ.”

ఆమె ఏదో గొణిగింది.

“వినపళ్ళేదు. వెనక మనుషులు ఉండారు.”

ఆమె కాస్త గట్టిగా చెప్పింది.

“శవానికి వినపళ్ళేదంట.”

అప్పుడు హరిణి ముందుకొచ్చి, గదంతా వినబడేలా చెప్పింది. “ఇన్‌స్పెక్టర్ గారు బంగళాలోకి వస్తూనే ఇడ్లీలో విషం కలిపారన్నారు. అప్పటికి ఆయన శవాన్ని చూడలేదు. పళ్ళెం చూడలేదు. ఎవరూ ఆయనకు చెప్పలేదు. మరి ఆయనకెలా తెలుసు?”

దుప్పటి కింద నాకు చచ్చినంత పనైంది. ఆరేళ్ళుగా ఆ మాట ఆయన అక్కడే అంటున్నాడు. రాసిందీ నేనే, దిద్దిందీ నేనే.

ముందు ఒకరు చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ కొట్టారు. పేటా ఆమె చెవుల దాకా దిగిపోయింది.

అభిజిత్ మాత్రం వదల్లేదు. “సర్, ఇది లాజికల్‌గా లేదు. మరి ఆయిల్ మరక సంగతేంటి?”

“ఉతికితే పోతాదప్పా,” అన్నాడు చిన్నాయన.

పునీత్ ఫోను తీసి డీజే నంబరు వెతకడం మొదలుపెట్టాడు. బేడీల తాళంచెవి ఎక్కడా దొరకలేదు. హంతకుణ్ణి మస్తాన్ ఆటోలో వేసుకుని, దారిలో ఒక వెల్డింగ్ షాపులో విడిపించాం. ఆ షాపతను ఖాకీ బట్టల వైపు, బేడీల వైపు మార్చి మార్చి చూసి, ఏమీ అడక్కుండా కోసేశాడు.

ఆటోలో నేను మొదటిసారి ఆయన మీద అరిచాను. “నలుగురి పొట్ట మీద కొట్టినావు చిన్నాయనా. ఆరేళ్ళకి నా కథ ఒకడు సరిగ్గా చదివినాడు. ఎందుకు మార్చినావు?”

ఆయన మణికట్టు రుద్దుకుంటూ కూర్చున్నాడు. చిక్కపేటలో పట్టుచీరల అంగట్లో నలభై ఏళ్ళు చీరలు విప్పి చూపించిన మనిషి. ఎప్పుడేం అడిగినా అంగడి సంగతే చెప్పేవాడు. ఇప్పుడూ అదే మొదలుపెట్టాడు.

“అంగడికి పదిమంది వస్తారు గిరీశా. తొమ్మిదిమంది మాట్లాడతా ఉంటారు. ఈ రంగు వద్దు, ఆ అంచు తియ్యి అని. చీరేమో పదో ఆమెకి. ఆమె మూల కూచొని ఉంటాది.”

“దానికీ దీనికీ ఏం సంబంధం?”

“ఏం లేదు. ఊరికే గుర్తుకొచ్చినాది.”

ఇంట్లో చిన్నమ్మ కాఫీ ఇచ్చి, “ఈసారి ఎవరు?” అంది.

“ఈసారి నేనే,” అన్నాడు.

“సుమ్నే ఉండు, ఎగతాళి చాలు,” అందామె.

మూడు రోజులు మస్తాన్ మాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పునీత్ ఫోను చేశాడు. ఆ కంపెనీలో హరిణి కథ నాలుగు అంతస్తులూ తిరిగిందట. ఇంకో ఆరు టీముల వాళ్ళు బుక్ చేసుకున్నారు. అభిజిత్ ఈసారి తప్పకుండా గెలుస్తానని మళ్ళీ వస్తానన్నాడు.

“అంకుల్, మర్డరర్ ప్రతిసారీ మారతాడని బోర్డు పెట్టేస్తా ఉండాను,” అన్నాడు పునీత్, ఆ ఆలోచన తనదే అన్నట్టు.

అభిజిత్ మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ ఓడాడు.

పోయిన మాఘంలో చిన్నాయన నిద్రలోనే పోయాడు. దుప్పటి తీసినప్పుడు నాకు, ఈయన ఇప్పుడు లేచి ఎవరిదో పేరు చెబుతాడనిపించింది. చాలాసేపు చూశాను. చెప్పలేదు.

పదమూడో రోజు మిద్దె మీద షామియానా వేసి భోజనాలు పెట్టాం. పునీత్ రిసార్టు పేజీలో ఆయన ఫోటో పెట్టాడట. మాకు తెలియని వాళ్ళు ఒక్కొక్కరే మెట్లెక్కి రావడం మొదలుపెట్టారు. ప్రతివాళ్ళ చేతిలో ఒక కవరు, కవర్లో మైసూరు పేటా. ఫోటో ముందు పెట్టి దండం పెట్టుకున్నారు. ఆరుగురు ఒకే వరసలో కూర్చున్నారు. పప్పు వడ్డించేసరికి గొడవ మొదలైంది.

“మా టీం అంతటిలో నేనొక్కణ్ణే కనిపెట్టాను. వంటమనిషి హంతకుడని,” అన్నాడు ఒక నత్తి కుర్రాడు, కష్టపడి.

“వంటమనిషా? డాక్టరండీ. నేను బస్సు నడపడానికి వచ్చినోణ్ణి, నా చేత కూడా చీటీ రాయించినాడు,” అన్నాడు పక్కనున్న పెద్దాయన.

“ఆ ఇన్‌స్పెక్టర్ గారే ఒప్పుకున్నారు కదా,” అంది హరిణి. ఇప్పుడు ఆమె గొంతు మెట్ల కిందికి కూడా వినిపిస్తోంది.

చెవిటి అవ్వ వాళ్ళ మాటలేవీ వినకుండా నా వైపు వేలు చూపించి, “వీడే,” అంది.

నేను సాంబారు గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. నత్తి కుర్రాడు, బస్సు డ్రైవరు, చెవిటి అవ్వ, హరిణి. చెంబులో పడ్డ ముప్పై చీటీల్లో చిన్నాయన ఏ చీటీ కోసం వెతికేవాడో అప్పుడు తెలిసింది. పదో ఆమె చీటీ కోసం. ఆ చీటీలో ఏ పేరుంటే ఆ వారం హంతకుడు అతనే, కొబ్బరిచెట్టయినా సరే.

“మీరే కదా రాసింది,” అన్నాడు బస్సు డ్రైవరు. “మీరు చెప్పండి సార్. అసలు హంతకుడు ఎవరు?”

వరసంతా నా వైపు చూసింది. నీళ్ళు పోస్తున్న మస్తాన్ జగ్గు కింద పెట్టి, గొంతు సవరించుకుని, ఒక అడుగు ముందుకేశాడు.

ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన ప్రశ్న. జవాబు నాలుక చివరనే ఉంది. చుట్టూ చూశాను. నీళ్ళ తొట్టి పక్కన, గోడకు ఆనుకుని చిన్నమ్మ కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు, కాఫీ పొడి ఎక్కడుందని తప్ప.

“చిన్నమ్మా, నీకు ఎవరి మీద అనుమానం?”

ఆమె తలెత్తింది. ఎన్నో ఏళ్ళుగా ఆలోచించి పెట్టుకున్న మనిషిలా ఉంది.

“నన్నడిగితే,” అంది, “ఆ మునిలక్ష్మే. మొగుడు ఇడ్లీలో పడి చస్తే ఆ కొంగు సర్దుకునేది ఏందప్పా?”

“కరెక్ట్,” అన్నాను.

మస్తాన్ మళ్ళీ జగ్గు అందుకున్నాడు. హరిణి లేచి తన పేటా తెచ్చి చిన్నమ్మ తల మీద పెట్టింది. అది కూడా చెవుల దాకా దిగింది. చిన్నమ్మ దాన్ని తీసి, లోపలి కుట్టు తిప్పి చూసి, “వదులైపోయింది, అప్పుడే చెప్పుంటే బిగించేదాన్ని,” అని మళ్ళీ పెట్టుకుంది.

“మళ్ళీ నేనేనా అక్కా,” అంటూ మునిలక్ష్మి విస్తరి ముందునుంచి లేచి, ఎంగిలి చేత్తోనే మోకాళ్ళ మీద కూలబడింది. రాజావారిని ఎందుకు చంపిందో కొత్తగా అల్లి, ఏడ్చి చెప్పింది.

ఏడుపు పూర్తయింది. పేటా కిందనుంచి చిన్నమ్మ అంది, “వన్స్ మోర్.”