వృద్ధుల సీటులో ఇద్దరం

ముసలితనంలో చదవడం కొత్తగా నేర్చుకున్న రోజుల్లో కనబడిన రాతనల్లా పైకే చదివేదాన్ని. చిత్తూరులో తిరుపతి బస్సెక్కి, కిటికీ పైన ఉన్న "వృద్ధులకు" అనే మాటను కూడబలుక్కుని చదివాను. దాని కింద కూర్చున్న పాతికేళ్ల పిల్ల గబుక్కున లేవబోయింది. ఆమె కళ్లు పచ్చగా ఉన్నాయి.

"నిన్ను లేపేదానికి కాదు పాపా, ఊరికే చదివినా."

"నేనూ ముసల్దాన్నే అవ్వా. పైత్యం దిగే గొట్టాలకీ పేగులకీ ఏండ్లనుంచి వాపు. ఆడుండే కణాల్లో క్రోమోజోములనే దారాల కొసలు ముసలోళ్లకు మాదిరి అరిగిపోయినాయని డాక్టరు చెప్పినాడు. ఇంక నాకు వయసు యాడుండాది?"

"అట్లయితే నన్ను అవ్వా అనొద్దు, అక్కా అను. జరుగు."

బస్సంతా తిరిగి చూసేలా నవ్విందా పిల్ల. పూతలపట్టు దాటాక నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. తిరుపతిలో అందరూ దిగిపోయినా నాకు లేపబుద్ధి కాలేదు.