ఐదు కిలోల పరుపుకు నలభై కిలోల కిరాయి: రామన్నపేట నుంచి పాలమూరు దాకా

మా చెల్లెలు రాజవ్వ రెండేళ్లుగా మంచం మీద ఉంది. మా ఊరి బోరు నీళ్లలోని ఫ్లోరిన్ మొదట ఆమె పళ్లను పట్టింది, తర్వాత మోకాళ్లను, చివరికి వెన్నును. తనంతట తాను పక్కకు తిరగలేదు. నడుము కింద పుండ్లు పడ్డాయి. నల్లగొండ దవాఖానలో అలాంటి మరో రోగి కింద గుంతలు గుంతలుగా ఉన్న నురగ పరుపు చూశాం. వాళ్ల మనిషి దుబాయ్ నుంచి తెచ్చాడట. డాక్టరుగారు, "అది మందు కాదమ్మా, కానీ పుండు పెరగకుండా ఆపుతుంది, త్వరగా తెప్పించుకోండి," అన్నారు. మాకు దుబాయ్‌లో ఎవరూ లేరు. అక్కడ సామాను కొని పంపించే ఏజెంటు జాఫర్ భాయ్ పాలమూరులో ఉన్నాడని మా ఊరి మేస్త్రీ చెప్పాడు. హైదరాబాద్‌లో కమిషన్ నూటికి ఇరవై అడుగుతారు, ఇతను పదే తీసుకుంటాడు. ఐదు గొర్రెలు అమ్మితే నాలుగు వేల ఏడు వందలు వచ్చాయి. తమ్ముడు మల్లయ్య, నేను బయలుదేరాం.

మేం గొర్లకాపరులం. జీవాన్ని రెండు చేతులతో ఎత్తి చూసి బరువు చెప్పడం మా ఇంట్లో అందరికీ వచ్చు. కాంటా పెట్టి చూస్తే పావు కిలో తేడా కూడా రాదు. దవాఖానలో ఆ పరుపును కూడా మల్లయ్య ఎత్తి చూశాడు. "ఐదు కిలోలక్కా, మేకపిల్లంత," అన్నాడు. విమానం కిరాయి కిలోకు తొంభై అని మేస్త్రీ చెప్పి ఉన్నాడు. నాలుగు వందల యాభై అని లెక్క కట్టుకున్నాం. ఆ లెక్క మీద మాకు అనుమానం రాలేదు.

తెల్లవారుజామున నాలుగింటికి దీపం పెట్టి దండం పెట్టుకున్నాను. రాజవ్వను ఎత్తి కింది బట్ట మార్చాను. చేతికి బరువు తెలియలేదు. పోయిన పున్నానికి ఇంతకంటే ఉండేది. బస్సు వేళయిందని పడుకోబెట్టాను.

"అక్కా, అగ్గువకు సూడు," అంది రాజవ్వ. "ఉన్న జీవాలన్నీ నా ఎన్కనే పోతే ఎట్ల?"

"నీకెందుకే ఆ ఫికర్?" అన్నాడు మల్లయ్య.

"నన్నే అటు పంపియ్యరాదూ, ఆడనే పండుకోనొస్త. నాకైతే కిరాయి తక్కువనే అయితది. ముడుసుకునే ఉన్న గద."

మల్లయ్య నవ్వాడు. నేను ఆమె నుదుటి మీద బండారి పసుపు పెట్టి బయటికి వచ్చాను.

రామన్నపేటలో అయిదింటి బస్సు ఎక్కితే ఆరున్నరకు నార్కట్‌పల్లి, అయిదు రూపాయలు. అక్కడ హోటళ్లు పొద్దున్నే తెరిచి ఉంటాయి, చాయ్ దొరుకుతుంది. చెర్వుగట్టు వైపు తిరిగి రామలింగేశ్వరుడికి చేతులు జోడించాను. నల్లగొండకు నాలుగు రూపాయలు, ముప్పావు గంట. అక్కడి నుంచి దేవరకొండకు పన్నెండు రూపాయలు, రెండు గంటలకు కొంచెం తక్కువ. దేవరకొండలో కల్వకుర్తి బస్సు కోసం అరగంట నిలబడాలి, టికెట్టు పదకొండు రూపాయలు. ఆడవాళ్లకు కూర్చోవడానికి జాగా టికెట్ల కిటికీ పక్కన ఉంది.

డిండి దాటాక బస్సు ఇంజన్ వేడెక్కి ఆగింది. ఆ ఏడు వానలు లేవు. వాగులో ఇసుక తప్ప ఏమీ కనబడలేదు. డ్రైవరు బుంగ పట్టుకుని లోపలికి వచ్చాడు.

"పెద్దమ్మా, నీ సీసల నీళ్లు జర ఇస్తవా?"

ఇచ్చాను. ఏ ఊరని అడిగాడు, చెప్పాను. మూత తీస్తూ ఆగాడు.

"నల్లగొండ నీళ్లా? పోస్తే ఇంజన్ గూడ వంగిపోతదేమో."

బస్సంతా నవ్వింది. మల్లయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. డ్రైవరు మా ముఖాలు చూసి, "తమాషకన్న పెద్దమ్మా, ఏమనుకోకు," అని నీళ్లు పోశాడు. బస్సు కదిలింది.

కల్వకుర్తిలో దిగేసరికి పదకొండున్నర. బస్టాండు ఎదుట ఒకామె జొన్నరొట్టె, పప్పు పెడుతుంది, ఇద్దరికీ ఎనిమిది రూపాయలు. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"జాఫర్ భాయ్ తానకా? మా ఆడిబిడ్డ కుట్టుమిషన్ ఆయననే తెప్పిచ్చిండు. మోసం జెయ్యడు. కానీ ఆయన అడిగినదానికి సక్కగ జవాబియ్యాలె, అక్కా. మనం చెప్పిందే రాస్తడు."

జడ్చర్ల మీదుగా పాలమూరుకు పన్నెండు రూపాయలు. రెండింటికి చేరాం. మొత్తం మనిషికి నలభై నాలుగు అయింది. దుకాణం బస్టాండుకు నడిచేంత దూరమే. ముందు ఎస్టీడీ బూత్, వెనక గదిలో ఆయన బల్ల. జాఫర్ భాయ్‌కి నా ఈడే ఉంటుంది. డాక్టరు చీటీ చూసి పక్కన పెట్టుకున్నాడు. రోగి సామాను అని చీటీ ఉంటే బొంబాయిలో సుంకం దగ్గర ఇబ్బంది తక్కువట. చీటీ లేకుండా పోవద్దు. ఆయన దుబాయ్‌లోని తన మనిషితో ఫోన్‌లో మాట్లాడి అంకెలు రాసుకున్నాడు.

"పరుపు మూడు వేలు. నా కమిషన్ మూడు వందలు. విమానం కిరాయి మూడు వేల ఆరు వందలు."

మల్లయ్య లేచి నిలబడ్డాడు. "ఐదు కిలోలకు గంతనా? ఏ కాంటమీద తూచినవ్ భాయ్?"

"కాంట మీద కాదు తమ్మీ. పెట్టె వంద సెంటీమీటర్ల పొడుగు, అరవై ఎడల్పు, నలభై ఎత్తు. మూడింటిని గుణించి ఆరు వేలతోని భాగించాలె. నలభై వస్తది. నలభై కిలోల పైసలు తీసుకుంటరు."

"ఇదేం అన్యాలం?"

"మీరు ఉన్ని లారీల ఏస్తే వాడు తూచి కిరాయి తీసుకుంటడా?"

మల్లయ్య కూర్చున్నాడు. ఉన్నిని ఎవరూ తూచరు. లారీలో ఎంత జాగా పడితే అంత కిరాయి. పుట్టినప్పటి నుంచీ ఇస్తున్నాం. పరుపు దగ్గరికి వచ్చేసరికి చేతులనే నమ్మాం.

తగ్గించే దారి ఆయనే చెప్పాడు. అట్టపెట్టె, అందులోని తెల్లటి థర్మాకోల్ అక్కడే తీసేయించాలి. పరుపును గట్టిగా చుట్టి తాళ్లతో బిగిస్తే పొడుగు అరవై, వెడల్పు నలభై, ఎత్తు ముప్పై. అప్పుడు పన్నెండు కిలోలే లెక్కకు వస్తుంది, వెయ్యి ఎనభై. పది రోజుల్లో ఇంటికి చేరుతుంది. అంతకంటే తక్కువ కావాలంటే ఓడ. బొంబాయికి వచ్చే ఇంకొకరి పెద్ద పెట్టెలో మన చుట్ట పెడతారు, మూడు వందలు.

"ఓడ ఎన్ని రోజులు?" అని అడిగాను.

"నలభై. మస్తు ఆలస్యమైతే రెండు నెలలు. దాని మీద నా చేతిల ఏం లేదు."

విమానానికీ ఓడకూ తేడా ఏడు వందల ఎనభై. ఒక గొర్రె కంటే తక్కువే. విమానానికి కట్టినా తిరుగు చార్జీలు పోను నూటముప్పై దాకా మిగిలేవి. కానీ ఇంకా కొనాల్సిన మందుల చీటీ నా కొంగుకే ఉంది. అగ్గువకు చూడమన్న మాట చెవిలో ఉంది. కళ్లు మూసుకుని దేవుణ్ణి తలచుకున్నాను. మనసు నిమ్మళంగానే ఉంది. అది దేవుడిచ్చిన జవాబు అనుకున్నాను.

జాఫర్ భాయ్ కలం తెరిచి పట్టుకున్నాడు. "ఒక్కటే అడుగుత, అమ్మా. పేషెంట్ ఆగుతదా?"

మల్లయ్య నా వైపు చూశాడు.

"ఆగుతది," అన్నాను.

ఆయన రసీదు మీద 'ఓడ' అని రాశాడు. మేం అయిదింటి బస్సు ఎక్కాం. అది దేవరకొండ దాకానే. మీరు వెళితే ఆ రాత్రికి అక్కడ ఆగే ఏర్పాటు చేసుకోండి. మరునాడు పదింటికి ఇల్లు చేరాం. "ఎంతల అయింది?" అని రాజవ్వ అడిగింది. చెప్పాను. "మంచిగ జేసినవ్," అంది.

నలభై ఆరో రోజు పుండు విషమెక్కి రాజవ్వ పోయింది. జ్వరం మూడు రోజులు ఉంది. తిప్పినప్పుడల్లా "పైలం అక్కా, మెల్లగ" అనేది. చివరి రోజు అదీ అనలేదు. దినాలు అయిన మరునాడు, యాభై ఎనిమిదో రోజున, నార్కట్‌పల్లి పార్సిల్ ఆఫీసు నుంచి కబురు వచ్చింది. జాఫర్ భాయ్ మాట తప్పలేదు. మల్లయ్య చుట్టను భుజాన వేసుకుని తెచ్చాడు. తాళ్లు కోశాం. పరుపు సాగడానికి రెండు రోజులు పట్టింది. సాగాక మల్లయ్య రెండు చేతులతో ఎత్తి చూశాడు. "ఐదే," అన్నాడు. దాన్ని పక్క ఊళ్లో అలాగే మంచాన ఉన్న ఒకాయనకు ఇచ్చి వచ్చాం.

మా ఊళ్లలో ఇలాంటి మనుషులు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ల ఇళ్లవాళ్లు ఇదే దారి పట్టి పోతారని ఇదంతా రాస్తున్నాను. పెట్టె కొలతలు ముందే అడగండి. అట్ట తీసేయించి చుట్టించండి. సగానికి పైగా తగ్గుతుంది, అందులో అనుమానం లేదు. నేను రోజూ దీపం పెడుతున్నాను. ఆ రోజు నా మనసు నిమ్మళంగా ఉండడం దేవుడి జవాబా, నా అలవాటా అని అడుగుతున్నాను. జవాబు ఆ తెల్లవారుజామునే నా చేతుల్లో ఉండింది. గొర్రె పావు కిలో తగ్గినా చెప్పగలదాన్ని, పరుపు బరువే ఆలోచిస్తూ గడప దాటాను.

కాబట్టి ఒక్క మాట. బయలుదేరే పొద్దున మీ మనిషిని రెండు చేతులతో ఎత్తి చూడండి. పోయిన నెల కంటే తేలికగా ఉంటే విమానానికే రాయించండి.