ఉప్పుస్తంభం దగ్గర ఎర్రపోగు

కుట్టుపనావిడ బైబిల్ నిండా దారప్పోగులే. చదువుతూ అర్థంకాని చోటల్లా ఓ పోగు పెట్టి, కళ్లజోడు నుదుటిపైకి నెట్టి, మిషను తొక్కుతూ ఆలోచించేది. అర్థమైన రోజున ఆ పోగు తీసి సూదికెక్కించేది. తగలబడుతున్న ఊరిని వెనక్కి తిరిగి చూసినందుకు లోతు అనే ఆయన భార్య ఉప్పుస్తంభమైపోయిన చోట మాత్రం ఎర్రపోగు ఏళ్లుగా కదల్లేదు. "చూసినందుకే అంత శిక్షా?" అనేది. "వదిలేసి ముందుకు చదవండి అత్తయ్యా," అనేది కోడలు. "ఎలా వదిలెయ్యనే? పాపం, ఆవిడింకా అక్కడే నిల్చునుంది."

రోడ్డు వెడల్పు కోసం వాళ్ల ఇల్లు కూల్చేరోజు సామాన్ల బండి కదిలింది. "వెనక్కి చూడకండి, ఏడుస్తారు," అంది కోడలు. ఆవిడ చూసింది. కిటికీ పక్కన, మిషనుండే చోట, ఎండ ఒక్కతే కూర్చునుంది. పెదవులకు ఉప్పగా తగిలింది. కొత్తింట్లో మిషను దించగానే, ఆవిడ ఎర్రపోగు తీసి సూదికెక్కించింది.